అమెరికా ఓటరు మొగ్గును హైదరాబాద్ నుంచి లెక్కగట్టడం ఎలా

అమెరికా అధ్యక్ష ఎన్నిక దగ్గరపడితే హైదరాబాద్‌లో అంచనాలకు కొదవుండదు. న్యూజెర్సీ బావగారు ఒకటి చెప్తారు, డాలస్‌లో ఉన్న పిన్ని కూతురు దానికి పూర్తి విరుద్ధంగా చెప్తుంది, రాత్రి టీవీ చర్చలో గాలి ఎటు వీస్తోందో తేల్చేస్తారు. మన ఎన్నికలకు పనికొచ్చే ఈ పద్ధతి అక్కడ పనికిరాదు. 2018లో దాదాపు 47 శాతం ఓట్లు తెచ్చుకున్న టీఆర్ఎస్, 2023లో బీఆర్ఎస్‌గా 37 శాతం దగ్గర ఆగిపోయింది. అమెరికాలో రిపబ్లికన్ అభ్యర్థికి 2012లో 47, 2016లో 46, 2020లో 47 శాతం చొప్పున వచ్చాయి, 2024లో 50కి కాస్త తక్కువ. 2000 నుంచి 2024 దాకా జరిగిన ఏడు ఎన్నికల్లో ఇద్దరు ప్రధాన అభ్యర్థుల మధ్య దేశవ్యాప్త తేడా 7.3 పాయింట్లు దాటలేదు. ఆ 7.3 కూడా 2008లో ఒబామాకు వచ్చింది.

అంటే అక్కడ ఎక్కువమంది ఓటు ముందే ఖరారై ఉంటుంది. కదలని ఆ పెద్ద భాగాన్ని ముందు పక్కన పెట్టి, కదిలే కొద్ది భాగం ఏ రాష్ట్రంలో ఎంత కదిలిందో కొలవాలి. ఇందుకు ఒక ఎక్సెల్ షీటు, గత మూడు ఎన్నికల రాష్ట్రాలవారీ ఫలితాలు ఉంటే చాలు. కూడికలు, తీసివేతలు తప్ప పెద్ద గణితం లేదు.

ముందు, పార్టీ మనిషి ఎవరో తేల్చాలి

అమెరికా సర్వేల్లో 1950ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. మొదటి ప్రశ్న: "మామూలుగా మిమ్మల్ని మీరు డెమోక్రాట్ అనుకుంటారా, రిపబ్లికన్ అనుకుంటారా, ఇండిపెండెంట్ అనుకుంటారా?" ఏదో ఒక పార్టీ పేరు చెప్పినవాళ్లను "గట్టిగానా, ఏదో అంతంతమాత్రంగానా?" అని అడుగుతారు. ఇండిపెండెంట్ అన్నవాళ్లను "అయినా రెంటిలో ఏది మీకు దగ్గర?" అని అడుగుతారు. ఇలా అడిగితే ఏడు గళ్లు వస్తాయి: గట్టి డెమోక్రాట్, మామూలు డెమోక్రాట్, డెమోక్రాట్ వైపు మొగ్గిన ఇండిపెండెంట్, ఎటూ మొగ్గని ఇండిపెండెంట్, మళ్లీ అదే వరసలో రిపబ్లికన్ వైపు మూడు.

చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు, అంచనా తప్పేది అక్కడే. గాలప్ అనే సంస్థ సర్వేల్లో 2023లో 43 శాతం మంది ఇండిపెండెంట్లమని చెప్పారు. ఆ అంకె చూసి దాదాపు సగం దేశం ఇంకా తేల్చుకోలేదని రాసేస్తుంటారు. రెండో ప్రశ్న కూడా అడిగితే వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక వైపు చెప్తారు, బూత్‌లో దాదాపు ఆ పార్టీ సభ్యుల్లాగే ఓటేస్తారు. నిజంగా ఎటూ మొగ్గనివాళ్లు పదిమందిలో ఒకరి చుట్టుపక్కలే ఉంటారు, వాళ్లు ఓటు వేయడానికి రావడం కూడా తక్కువే. పార్టీ పేరు చెప్పుకున్నవాళ్లు సొంత పార్టీ అభ్యర్థికి ఓటేసేది 2020లోనూ 2024లోనూ నూటికి 90కి పైనే. ఉస్మానియాలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో విద్యార్థులు ప్రాజెక్టు కోసం అమెరికా ఓటర్లను ఆన్‌లైన్‌లో ప్రశ్నించేటట్టయితే ఈ రెండు ప్రశ్నలనూ విడదీయకూడదు. పైగా వీటిని "ఎవరికి ఓటేస్తారు" అన్న ప్రశ్నకు దూరంగా పెట్టాలి. పక్కపక్కనే అడిగితే ఒకదాని జవాబు రెండోదాన్ని లాగేస్తుంది.

మొగ్గు తెలిసినంత మాత్రాన ఓటు తెలిసినట్టు కాదు. ఓటరు ముందున్న మూడో దారి ఇంట్లో కూర్చోవడం. అర్హులైనవాళ్లలో ఓటేసింది 2020లో సుమారు 66 శాతం, 2024లో సుమారు 64 శాతం. బైడెన్‌కు 8.13 కోట్ల ఓట్లు వస్తే నాలుగేళ్ల తర్వాత కమలా హారిస్‌కు 7.5 కోట్లు వచ్చాయి, 63 లక్షలు తగ్గాయి. ట్రంప్‌కు పెరిగినవి సుమారు 31 లక్షలు. తగ్గినవన్నీ అటు చేరాయనుకుంటే ఈ అంకెలు పొసగవు. పార్టీ మారినవాళ్లు కొందరు, రానివాళ్లు కొందరు, కొత్తగా వచ్చినవాళ్లు కొందరు. మీ షీటులో "మొగ్గు", "వస్తారా" అనే రెండు గళ్లు వేరువేరుగా ఉంచండి.

ఇంకో చిక్కు ఓటరు నమోదు లెక్కలు. సుమారు 30 రాష్ట్రాల్లో ఓటరు నమోదు చేసుకునేటప్పుడే పార్టీ పేరు రాయవచ్చు. పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా, ఫ్లోరిడా, న్యూజెర్సీ, కాలిఫోర్నియా ఆ కోవలోవి. టెక్సస్, జార్జియా, మిషిగన్, విస్కాన్సిన్, వర్జీనియాల్లో ఆ పద్ధతే లేదు. కాబట్టి "జార్జియాలో నమోదైన డెమోక్రాట్లు ఇంతమంది" అని ఎవరైనా చెప్తే ఆ అంకె ఏదో నమూనా లెక్కే తప్ప అధికారిక జాబితాలోది కాదు. నమోదు ఉన్నచోట కూడా అది పాత అలవాటును చూపిస్తుంది, ఇప్పటి మనసును కాదు. కెంటకీ 2000 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్‌కే ఓటేసింది, అయినా 2022 దాకా అక్కడి ఓటర్ల జాబితాలో డెమోక్రాట్లే ఎక్కువ. తాతల నాటి నమోదును మనవలు మార్చుకోలేదు, అంతే.

మన చుట్టాల మాట ఎంతవరకు పనికొస్తుంది

ముందు అడగాల్సింది వాళ్లకు ఓటుందా అని. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు లేదు, గ్రీన్ కార్డు వచ్చినా లేదు. పౌరసత్వం తీసుకున్నాకే ఓటు. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లలో గట్టిగా వాదించే చాలామంది అధ్యక్ష ఎన్నికలో ఓటర్లే కారు. వీసాల గురించిన వాళ్ల ఆందోళన న్యాయమైనదే, కాని అది బ్యాలెట్ పెట్టెలోకి చేరదు.

తర్వాత ఏ రాష్ట్రమో అడగాలి. తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఎడిసన్, ఫ్రిస్కో, ఫ్రీమాంట్, యాష్‌బర్న్ వరసగా న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియా, వర్జీనియాల్లో ఉన్నాయి. ఆ నాలుగింటిలో ఒక్కటీ ఫలితాన్ని తేల్చే రాష్ట్రం కాదు. అట్లాంటా ఉత్తరాన ఆల్ఫరెటా, కమింగ్. నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్. మిషిగన్‌లో నోవై, ట్రాయ్. ఈ ఊళ్లలో పౌరసత్వం ఉన్న చుట్టాలుంటే వాళ్ల ఓటుకు బరువెక్కువ.

భారతీయుల మొగ్గు తెలుసుకోవాలంటే వాట్సాప్ గ్రూపు కంటే కార్నెగీ సంస్థ చేసే ఇండియన్ అమెరికన్ సర్వే నయం. 2020లో నమోదైన ఓటర్లలో 72 శాతం బైడెన్‌కు, 22 శాతం ట్రంప్‌కు వేస్తామన్నారు. 2024లో అది హారిస్‌కు 61, ట్రంప్‌కు 32గా మారింది. ఇప్పటికీ ఎక్కువమంది డెమోక్రాట్ల వైపే ఉన్నారు, తేడా మాత్రం బాగా తగ్గింది. ముఖ్యంగా నలభై లోపు మగవాళ్లలో. హారిస్ తల్లి తమిళనాడు మనిషి, ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష పూర్వీకులు తెలుగువాళ్లు. ఈ రెండూ మనకు దగ్గరగా అనిపించే విషయాలు, ఓటును తిప్పేంత బరువు వాటికి ఉందని అంకెల్లో కనబడదు.

మీ ఇంట్లోనే అమెరికా పౌరులుంటే సంగతి వేరు. ఓసీఐ కార్డుతో గచ్చిబౌలిలోనో కోకాపేటలోనో ఉంటున్నవాళ్లు అమెరికాలో తాము చివరిగా నివసించిన రాష్ట్రం ఓటర్లుగా ఓటేయవచ్చు. ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ అనే ఫారం ఎన్నిక జరిగే ఏడాది జనవరిలోనే పంపడం మంచిది. విదేశాల్లో ఉన్నవాళ్లకు బ్యాలెట్‌ను కనీసం 45 రోజుల ముందు పంపాలని చట్టం ఉంది. నింపిన బ్యాలెట్‌ను కొన్ని రాష్ట్రాలు ఈమెయిల్‌లో తీసుకుంటాయి, కొన్ని తపాలాలోనే అడుగుతాయి. సంతకం పాత నమోదులోని సంతకంతో కలవకపోవడం, తపాలా ఆలస్యం, ఈ రెండిటివల్లే ఎక్కువగా ఓట్లు పోతాయి.

రాష్ట్రం మొగ్గు: అసలు లెక్క ఇదే

అధ్యక్షుణ్ని తేల్చేది దేశం మొత్తం ఓట్లు కాదు, రాష్ట్రాలకు కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు (ఈ ఏర్పాటు పేరే ఎలక్టోరల్ కాలేజీ). అవి మొత్తం 538, గెలవడానికి 270 కావాలి. 48 రాష్ట్రాల్లోనూ రాజధాని వాషింగ్టన్‌లోనూ ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ ఒకరికే. మెయిన్, నెబ్రాస్కా మాత్రం కొన్నింటిని కాంగ్రెస్ నియోజకవర్గాలవారీగా పంచుతాయి. 2024 ఫలితంలోంచి ఏడు పోటాపోటీ రాష్ట్రాలను తీసేస్తే డెమోక్రాట్లకు 226, రిపబ్లికన్లకు 219 మిగులుతాయి. ఆ ఏడింటిలో ఉన్నవి 93.

ఇక షీటులో డెమోక్రాట్ ఆధిక్యాన్ని ప్లస్‌గా, రిపబ్లికన్ ఆధిక్యాన్ని మైనస్‌గా రాసుకోండి. దేశం మొత్తానికి 2016లో +2.1, 2020లో +4.5, 2024లో −1.5. రాష్ట్రాలకు అదే వరసలో, పక్కన ఎలక్టోరల్ ఓట్లతో:

పెన్సిల్వేనియా, 19 ఓట్లు: −0.7, +1.2, −1.7
జార్జియా, 16: −5.1, +0.2, −2.2
నార్త్ కరోలినా, 16: −3.7, −1.3, −3.2
మిషిగన్, 15: −0.2, +2.8, −1.4
అరిజోనా, 11: −3.5, +0.3, −5.5
విస్కాన్సిన్, 10: −0.8, +0.6, −0.9
నెవాడా, 6: +2.4, +2.4, −3.1

ఇవి ఫలితాలు, ఇంకా మొగ్గు కాదు. ప్రతి అంకెలోంచి ఆ ఏడాది దేశం అంకెను తీసేస్తే మొగ్గు వస్తుంది. అరిజోనా తీసుకోండి. 2020లో +0.3లోంచి +4.5 తీసేస్తే −4.2. 2024లో −5.5లోంచి −1.5 తీసేస్తే −4.0. బైడెన్ గెలిచి హారిస్ ఓడిన రాష్ట్రంలో మొగ్గు దాదాపు కదలనే లేదు. కదిలింది దేశం, దానితోపాటు అరిజోనా జరిగింది. అదే జార్జియాలో మొగ్గు మూడు ఎన్నికల్లో −7.2, −4.3, −0.7. రిపబ్లికన్ గెలిచిన 2024లో కూడా జార్జియా దేశంతో పోలిస్తే డెమోక్రాట్ల వైపు జరుగుతూనే ఉంది. ఫ్లోరిడా దీనికి తిరగేసిన బొమ్మ: −3.3, −7.9, −11.6. 2000లో 537 ఓట్ల తేడాతో దేశం భవిష్యత్తును తేల్చిన ఫ్లోరిడాను ఇంకా స్వింగ్ రాష్ట్రాల్లో, అంటే ఎటైనా తిరగగల పోటాపోటీ రాష్ట్రాల్లో లెక్కపెట్టడం అందుకే తప్పు.

విస్కాన్సిన్ మొగ్గు 2020లో −3.9, 2024లో +0.6. ఈ ఒక్క మార్పు విలువ చాలా పెద్దది. 2020లో డెమోక్రాట్లు 270 చేరాలంటే దేశవ్యాప్తంగా దాదాపు నాలుగు పాయింట్లు ముందుండాల్సి వచ్చింది. 2024లో ఆ అదనపు భారం దాదాపు మాయమైంది. "ఎలక్టోరల్ కాలేజీ ఎప్పుడూ రిపబ్లికన్లకే అనుకూలం" అనే మాటను ఇప్పుడు కళ్లు మూసుకుని వాడకూడదు.

వచ్చే ఎన్నికకు మొదటి అంచనా కావాలంటే 2024 మొగ్గుకు మూడు వంతులు, 2020 మొగ్గుకు ఒక వంతు బరువివ్వండి. పెన్సిల్వేనియా −1.0, జార్జియా −1.6, విస్కాన్సిన్ −0.5 వస్తాయి. దానికి దేశవ్యాప్త సర్వేల సగటు కలపండి. ఉదాహరణకు డెమోక్రాట్ రెండు పాయింట్లు ముందుంటే పెన్సిల్వేనియా +1.0, జార్జియా +0.4. ఇంత సన్నటి అంకె వస్తే "గెలుస్తారు" అని చెప్పకూడదు, "నువ్వా నేనా" అనే రాయాలి.

కలయికలు కూడా ముందే వేసి పెట్టుకోండి. డెమోక్రాట్లకు 226 మీద పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ కలిస్తే సరిగ్గా 270. రిపబ్లికన్లకు 219 మీద పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినా కలిసినా సరిగ్గా 270. పెన్సిల్వేనియా పేరు అంతలా ఎందుకు వినబడుతుందో ఈ రెండు కూడికలే చెప్తాయి.

మూడో అభ్యర్థిని ఓట్ల శాతంతో కొలవకండి, గెలుపు తేడాతో కొలవండి. 1992లో రాస్ పెరో 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు. 2000లో ఫ్లోరిడాలో రాల్ఫ్ నేడర్‌కు వచ్చిన 97 వేల పైచిలుకు ఓట్లు 537 తేడాతో పోలిస్తే కొండంత. నెవాడాలో మన నోటా లాంటి గడి కూడా బ్యాలెట్ మీద ఉంటుంది.

ఇంకో జాగ్రత్త: అధ్యక్షుడి ఓటు చూసి రాష్ట్రమంతా ఆ పార్టీదే అనుకోవద్దు. 2024లో అరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్‌లలో ట్రంప్ గెలిచారు, అదే రోజు సెనేట్ సీట్లు డెమోక్రాట్లు గెలిచారు. తేడాలు చిన్నవైనచోట అభ్యర్థిని బట్టి ఓటు చీలడం ఫలితం మార్చగలదు.

సర్వేలు చదివేటప్పుడు

వెయ్యిమందిని అడిగిన సర్వేలో ఒక అభ్యర్థి శాతం మూడు పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. ఇద్దరి మధ్య తేడాకైతే ఆ పొరపాటు దాదాపు రెట్టింపు. "మూడు పాయింట్ల ఆధిక్యం" అన్న వార్త ఒక్క సర్వేలోంచి వస్తే దాని విలువ చాలా తక్కువ. ఆ వెయ్యిలో వందమంది ఆసియా మూలాలవాళ్లుంటే వాళ్ల అంకెకు పది పాయింట్ల పొరపాటు ఉంటుంది, దాన్ని శీర్షికలో పెట్టకూడదు.

చూడాల్సినవి: అడిగింది నమోదైన ఓటర్లనా, ఓటేసే అవకాశమున్నవాళ్లనా, చదువును బట్టి సరిచేశారా లేదా. ఈ రెండోది తప్పనిసరి. ఇప్పుడు తెల్లజాతి ఓటర్లలో డిగ్రీ ఉన్నవాళ్లు డెమోక్రాట్ల వైపు, లేనివాళ్లు సుమారు మూడింట రెండొంతులు రిపబ్లికన్ల వైపు ఉన్నారు. సర్వేలకు జవాబిచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు ఎక్కువ. 2016లో చాలా రాష్ట్ర సర్వేలు చదువును సరిచేయకపోవడం వల్ల దెబ్బతిన్నాయి. అది సరిచేసుకున్నాక కూడా 2020లో దేశవ్యాప్త సర్వేల పొరపాటు నలభై ఏళ్లలో అతి పెద్దదిగా తేలింది, అప్పుడూ బైడెన్ ఆధిక్యాన్ని ఎక్కువ చేసి చూపాయి. పొరపాట్లు రాష్ట్రానికొకటిగా రావు, ఒకే దిక్కుకు వస్తాయి. విస్కాన్సిన్‌లో తప్పితే మిషిగన్‌లోనూ అదే వైపు తప్పుతుంది. 2024లో ఏడు రాష్ట్రాలూ ఒకే వైపు వెళ్లడం అందుకే ఆశ్చర్యం కాదు.

కౌంటింగ్ రోజు, మన గడియారంతో

తర్వాతి ఎన్నిక 2028 నవంబర్ 7, మంగళవారం. మనకు లెక్కింపు బుధవారం ఉదయం. న్యూయార్క్ సమయానికి పదిన్నర గంటలు కలపాలి. ఇప్పటి వేళలే కొనసాగితే:

4:30కి ఇండియానా, కెంటకీల్లో ఎక్కువ భాగం
5:30కి జార్జియా, వర్జీనియా
6:00కి నార్త్ కరోలినా, ఒహాయో
6:30కి పెన్సిల్వేనియా, మిషిగన్‌లో చాలా భాగం, ఫ్లోరిడా పూర్తిగా
7:30కి విస్కాన్సిన్, అరిజోనా
8:30కి నెవాడా
9:30కి కాలిఫోర్నియా

ఇవి పోలింగ్ ముగిసే వేళలు. మనలా రౌండ్లు ఉండవు, దేశమంతటికీ ఫలితం ప్రకటించే ఎన్నికల సంఘమూ లేదు. అక్కడి ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ చూసుకునేది ప్రచార డబ్బు సంగతి. గెలుపు ముందుగా చెప్పేది అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ, టీవీ నెట్‌వర్కులు. 2024లో అసోసియేటెడ్ ప్రెస్ ఆ మాట చెప్పేసరికి మనకు సాయంత్రం నాలుగు దాటింది, 2020లో శనివారం దాకా ఆగాల్సి వచ్చింది.

తెరమీద ఎవరు ముందున్నారన్నది మొదటి నాలుగు గంటలు పట్టించుకోవద్దు. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో పోస్టల్ బ్యాలెట్ కవర్లు పోలింగ్ రోజు ఉదయం దాకా తెరవకూడదని నియమం, అందుకే అవి ఆలస్యం. పోస్టల్ ఓట్లలో డెమోక్రాట్లు ఎక్కువ కాబట్టి అక్కడ రిపబ్లికన్ ముందు కనబడి తర్వాత తగ్గడం 2020లో చూశాం. ఫ్లోరిడాలో ముందే సిద్ధం చేసిన ఓట్లు మొదట పడతాయి, అక్కడ వరస వేరు. తేడా ఎందుకు మారిందో తెలియక "రాత్రికి రాత్రి ఏదో జరిగింది" అనే పుకార్లు పుట్టేది ఇక్కడే. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేముందు ఆ రాష్ట్రం ఏ రకం ఓట్లు ముందు లెక్కపెడుతుందో చూడండి.

చూడాల్సింది కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. దాదాపు లెక్క పూర్తయిన కౌంటీని అదే కౌంటీ గత ఫలితంతో పోల్చాలి. యాష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీ త్వరగా లెక్క ముగిస్తుంది. 2020లో అక్కడ డెమోక్రాట్ ఆధిక్యం సుమారు 25 పాయింట్లు, 2024లో సుమారు 16. వర్జీనియా డెమోక్రాట్లే గెలిచినా, ఆ తగ్గుదల మిగతా రాత్రి ఎలా ఉండబోతోందో ముందే చెప్పింది. ఫ్లోరిడాలోని మయామీ-డేడ్ కౌంటీ ఇంకా స్పష్టం: 2016లో హిల్లరీ క్లింటన్‌కు 29, 2020లో బైడెన్‌కు 7, 2024లో ట్రంప్‌కు 11 పాయింట్ల ఆధిక్యం. పెన్సిల్వేనియాలో ఈరీ, నార్తాంప్టన్ కౌంటీలు మూడుసార్లూ రాష్ట్రంతోపాటే తిరిగాయి. అయితే లౌడన్‌లో మనవాళ్లు ఎక్కువని ఆ తగ్గుదల మనవాళ్లదే అనేయకూడదు. కౌంటీ అంకె కౌంటీ గురించే చెప్తుంది, అందులో ఎవరెవరు ఎటేశారో చెప్పదు. "95 శాతం లెక్కయింది" అన్నది కూడా అంచనాయే, మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఎగ్జిట్ పోల్ పట్టికలను మొదటి రోజే వాడొద్దు. సాయంత్రం వచ్చే అంకెలను తర్వాత అసలు ఫలితంతో సరిచేస్తారు. 2004లో మధ్యాహ్నం లీకైన అంకెలు డెమోక్రాట్ కెర్రీ ముందున్నట్టు చూపాయి, గెలిచింది రిపబ్లికన్ బుష్. కాలిఫోర్నియా లెక్క వారాలపాటు సాగుతుంది కాబట్టి దేశం మొత్తం ఆధిక్యాన్ని డిసెంబర్‌లో మాత్రమే షీటులో ఎక్కించండి. ముందే ఎక్కిస్తే ప్రతి రాష్ట్రం మొగ్గూ తప్పుతుంది.

పైన రాసిన ఎలక్టోరల్ ఓట్లు 2028కి కూడా ఇవే. 2030 జనాభా లెక్కల తర్వాత 2032కి మారతాయి, అప్పుడు 226, 219 లెక్కలు మళ్లీ వేసుకోవాలి. 2032 ఎన్నిక నవంబర్ 2న పడుతుంది. ఇప్పటి చట్టమే ఉంటే అప్పటికి అక్కడ గడియారాలు ఇంకా వెనక్కి జరగవు, అందువల్ల పదిన్నరకు బదులు తొమ్మిదిన్నర గంటలు కలపాలి.